ఆముదం సీసా నుంచి ఆల్కైన్ దాకా: ఎంజైముకు గాలం, గంధపు గింజ ఆమ్లం తయారుచేసే పద్ధతి

ఒంగోలు నుంచి పడమటి మెట్ట వైపు వెళ్లేకొద్దీ కంది, పొగాకు చేల మధ్య ఆముదం కనిపిస్తుంది. ఆ గింజల నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం ఒక్కటే: రిసినోలిక్ ఆమ్లం. నూనె గింజల్లో ఇంత ఏకరూపత చాలా అరుదు. 18 కర్బనాల గొలుసు, తొమ్మిదో కర్బనం దగ్గర ద్విబంధం, పన్నెండో కర్బనం మీద హైడ్రాక్సిల్. ఈ రెండు పట్లు దొరికితే రసాయనశాస్త్రజ్ఞుడికి చాలా దారులు తెరుచుకుంటాయి.

వాటిలో రెండు దారులను ఇక్కడ వివరిస్తాను. మొదటిది 10-అన్‌డెకైనోయిక్ ఆమ్లం. కొవ్వు ఆమ్లాలను ఆక్సీకరించే ఎంజైమును లోపలికి పిలిచి పట్టుకునే చిన్న అణువు ఇది. రెండోది జైమెనైనిక్ ఆమ్లం. శ్రీగంధం గింజల నూనెలో చెట్టు తానే తయారుచేసుకునే ఆల్కైన్, అంటే త్రిబంధమున్న అణువు. ఎమ్మెస్సీ చదివేవారికీ, వారికి పాఠం చెప్పేవారికీ ఇది పనికొస్తుంది. మంచి ఫ్యూమ్ హుడ్, రోటావేపర్, పరారుణ స్పెక్ట్రోమీటర్, అతినీలలోహిత స్పెక్ట్రోమీటర్ ఉంటే చాలు. ఎన్ఎంఆర్ కోసం నమూనాను తిరుపతికో హైదరాబాదుకో పంపవచ్చు. ఇది ఇంట్లో చేసే పని మాత్రం కాదు. బ్రోమిన్‌తో పని ఉంది.

ముందు తేల్చుకోవలసింది: గాలమా, గుర్తా?

ఆల్కైన్ అంటే రెండు కర్బనాల మధ్య త్రిబంధం. పొడవు 1.20 ఆంగ్‌స్ట్రామ్‌లు. సన్నగా, నిటారుగా ఉంటుంది కనుక గొలుసు చివర దాన్ని పెట్టినా ఎంజైము పెద్దగా తేడా గమనించదు, మామూలు ఆహారమే అనుకుని లోపలికి రానిస్తుంది. జీవకణంలో ఆల్కైన్‌లు దాదాపుగా ఉండవు. నీటితో, చక్కెరలతో, ప్రోటీన్లతో వాటంతట అవి చర్య జరపవు. ఈ మూడు గుణాల వల్లే ఆల్కైన్‌కు ప్రోబ్‌గా, అంటే ఎంజైమునో కణాన్నో శోధించే అణువుగా, ఇంత విలువ వచ్చింది.

అయితే ఆ ప్రోబ్ చేయగల పనులు రెండు, ఆ రెండూ వేర్వేరు. మొదటిది గాలం. 1960ల చివర్లో కాన్రాడ్ బ్లాక్ బృందం ఇ.కోలైలో కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఒక డీహైడ్రేజ్ ఎంజైముకు 3-డెకైనోయిల్ థయోఎస్టర్‌ను ఇచ్చింది. ఎంజైము తన అలవాటు ప్రకారం ఒక ప్రోటాన్‌ను లాగింది. దాంతో ఆల్కైన్ అలీన్‌గా (పక్కపక్కనే రెండు ద్విబంధాలున్న రూపంగా) మారి, ఎంజైములోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానికే అతుక్కుపోయింది. ఎంజైము తన పని తాను చేయడం వల్లే తన పని ముగిసింది. పార్కిన్సన్స్ వ్యాధికి వాడే రాసాజిలిన్‌లోని ప్రొపార్జిల్ గుంపు (అందులోనూ ఉన్నది ఆల్కైనే) కూడా మోనోఅమీన్ ఆక్సిడేజ్-బిలోని ఫ్లావిన్‌ను ఇలాగే పట్టుకుంటుంది.

రెండోది గుర్తు. ఇక్కడ ఆల్కైన్ ఏ చర్యా జరపకుండా ఊరుకోవాలి. కణం ఆ కొవ్వు ఆమ్లాన్ని తీసుకెళ్లి ఏదో ప్రోటీన్‌కు తగిలిస్తుంది. తర్వాత మనం రాగి ఉత్ప్రేరకంతో ఒక అజైడ్ రంగును ఆ ఆల్కైన్‌కు అతికిస్తాం. 2002లో షార్ప్‌లెస్, మెల్డాల్ బృందాలు విడివిడిగా కనుగొన్న క్లిక్ చర్య ఇదే. 2022లో ఆ ఇద్దరికీ, కణాల్లో రాగి అవసరం లేని మార్గం చూపిన బెర్టోజీకీ నోబెల్ వచ్చింది.

ఒక చర్యలో ఒకే ఆల్కైన్ ఈ రెండు పనులూ చేయలేదు. గాలంగా చిక్కుకున్నప్పుడు త్రిబంధం ఖర్చయిపోతుంది, తర్వాత రంగు అతికించడానికి ఏమీ మిగలదు. పట్టుకోవడం, చూడడం రెండూ కావాలంటే అణువులో రెండు ఆల్కైన్‌లు ఉండాలి. విద్యార్థుల ప్రాజెక్టు ప్రణాళికల్లో నాకు ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. ఏడాది సంశ్లేషణ చేశాక తెలుసుకునే బదులు, మొదటి రోజే కాగితం మీద యంత్రాంగం గీసి చూసుకోండి.

మొదటి మెట్టు: సరైన ముడిపదార్థం

10-అన్‌డెకైనోయిక్ ఆమ్లానికి మూలం 10-అన్‌డెకినోయిక్ ఆమ్లం (త్రిబంధం చోట ద్విబంధం ఉన్నది), వాడుకలో అన్‌డెసిలెనిక్ ఆమ్లం. ఆముదం నుంచి చేసిన మిథైల్ రిసినోలియేట్‌ను దాదాపు 500 డిగ్రీల దగ్గర విడగొడితే దీని మిథైల్ ఎస్టర్, హెప్టనాల్ (heptanal) అనే ఆల్డిహైడ్ వస్తాయి. నైలాన్-11 పరిశ్రమ నడిచేది దీని మీదే. తామరకు వాడే కొన్ని పొడుల్లో ఉండేది ఈ ఆమ్లపు జింకు లవణమే. ఆ విచ్ఛేదనం కర్మాగారం పని, కళాశాలలో ప్రయత్నించవద్దు. ఆమ్లాన్ని కొనుక్కోండి. ద్రవీభవన స్థానం 24 డిగ్రీల దగ్గర కనుక మన కోస్తాలో ఇది దాదాపు ఏడాదంతా ద్రవంగానే ఉంటుంది.

రెండో దారికి ఆముదమే కావాలి. గింజలు వేయించి, దంచి, నీటిలో ఉడికించి తీసే వంటాముదం వద్దు, అందులో నీరు, విడి ఆమ్లాలు ఎక్కువ. శుద్ధి చేసిన గానుగ ఆముదం తీసుకోండి.

రెండో మెట్టు: బ్రోమిన్ చేర్చడం

ద్విబంధాన్ని త్రిబంధంగా మార్చే పాత దారి ఇప్పటికీ మంచి దారే: రెండు బ్రోమిన్‌లు చేర్చి, రెండు హైడ్రోజన్ బ్రోమైడ్‌లు ఊడగొట్టడం.

18.4 గ్రాముల (0.1 మోల్) అన్‌డెసిలెనిక్ ఆమ్లాన్ని 60 మి.లీ. డైక్లోరోమీథేన్‌లో కరిగించి, మంచు-ఉప్పు తొట్టెలో 0 నుంచి 5 డిగ్రీలకు చల్లార్చండి. 16 గ్రాముల బ్రోమిన్‌ను, అంటే దాదాపు 5.1 మి.లీ., 15 మి.లీ. అదే ద్రావణిలో కలిపి గంటసేపు చుక్కచుక్కగా వేయండి. మొదట్లో ప్రతి చుక్క రంగూ వెంటనే మాయమవుతుంది. లేత నారింజ రంగు నిలిచిపోయిన క్షణం ఆపండి. కొలత కన్నా ఆ రంగే నమ్మదగినది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు ఉన్నాయి. కిటికీ ఎండ ఫ్లాస్కు మీద పడనివ్వకండి, వెలుతురులో బ్రోమిన్ గొలుసు మధ్యలోని హైడ్రోజన్లను కూడా తొలగిస్తుంది. బ్రోమిన్ 59 డిగ్రీలకే మరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నెల్లూరులో సీసా మూత తీయగానే ఆవిరి ఎగుస్తుంది, కాబట్టి తెరిచే ముందు సీసానూ చల్లార్చండి. సోడియం థయోసల్ఫేట్ ద్రావణం నిండిన బీకరు మొదటి చుక్క పడకముందే పక్కన ఉండాలి. చర్మం మీద బ్రోమిన్ పడితే గాయం వారాల తరబడి మానదు.

థయోసల్ఫేట్‌తో, తర్వాత ఉప్పునీటితో కడిగి, నిర్జల సోడియం సల్ఫేట్‌తో ఆరబెట్టి, ద్రావణిని తీసేయండి. 33-34 గ్రాముల 10,11-డైబ్రోమోఅన్‌డెకనోయిక్ ఆమ్లం వస్తుంది. శుద్ధి చేయకుండానే ముందుకు వెళ్లవచ్చు.

మూడో మెట్టు: బ్రోమిన్ ఊడగొట్టడం, ఉష్ణోగ్రతను గౌరవించడం

ఈ సంశ్లేషణకు గుండెకాయ ఇదే. ద్రవ అమ్మోనియాలో సోడమైడ్ వాడితే శుభ్రంగా జరుగుతుంది కానీ ఆ సదుపాయం మన దగ్గర చాలా చోట్ల లేదు. గాఢ పొటాషియం హైడ్రాక్సైడ్ సరిపోతుంది.

లెక్క చూడండి. ఒక మోల్ క్షారం ఆమ్లాన్ని తటస్థీకరించడానికి పోతుంది, రెండు మోల్‌లు రెండు హైడ్రోజన్ బ్రోమైడ్‌లకు. కనీసం మూడు కావాలి. రెండో బ్రోమిన్ వినైల్ కర్బనం (ద్విబంధంలోని కర్బనం) మీద ఉండి మొండికేస్తుంది కనుక ఆరు మోల్‌లు తీసుకోండి. మార్కెట్లో దొరికే 85 శాతం గుళికలైతే, మన 0.1 మోల్ పదార్థానికి 40 గ్రాములు. 30 మి.లీ. నీటిలో కరిగించండి. కోస్తా గాలి తేమకు గుళికలు చూస్తుండగానే చెమర్చుతాయి, తూకం త్వరగా కానివ్వండి.

ఈ గాఢతలో, ఈ వేడిలో క్షారం గాజును తినేస్తుంది. స్టీలు పాత్ర వాడండి. పాత్ర ద్రవం కన్నా కనీసం నాలుగింతలు పెద్దది కావాలి, ఎందుకంటే ఇందులో పుట్టేది పొటాషియం సబ్బు, పాలు పొంగినట్టు పొంగుతుంది. కండెన్సర్ పెట్టి, నూనె తొట్టెలో 150 నుంచి 160 డిగ్రీల మధ్య ఆరు నుంచి ఎనిమిది గంటలు గట్టిగా కలుపుతూ ఉంచండి.

అంతకన్నా వేడి ఎందుకు వద్దో నేను కష్టపడి నేర్చుకున్నాను. ఒకసారి రాత్రంతా చర్యను వదిలేశాను, తొట్టె 180 దాటింది. ఉదయం వచ్చిన ఆమ్లం అందమైన తెల్లటి రేకులుగా స్ఫటికీకరించింది. ద్రవీభవన స్థానం 42 ఉండాల్సింది 59 చూపింది. మళ్లీ స్ఫటికీకరించినా అంతే. ద్రవీభవన స్థానం పెరిగితే శుద్ధత పెరిగినట్టే అనే అలవాటు ఆలోచనతో రెండు రోజులు సంతోషించాను. పరారుణ వర్ణపటంలో 3300 సెం.మీ.⁻¹ దగ్గర కొన ఆల్కైన్‌కు ఉండాల్సిన సన్నటి శిఖరం లేదు. వేడి క్షారంలో త్రిబంధం చివరి నుంచి ఒక మెట్టు లోపలికి జరిగి 9-అన్‌డెకైనోయిక్ ఆమ్లంగా మారింది. కొన ఆల్కైన్ కన్నా మధ్య ఆల్కైన్ స్థిరమైనది, కాబట్టి అవకాశం ఇస్తే అటే జారుతుంది. ఆ పదార్థంతో ఎంజైము ప్రయోగం చేసి ఉంటే ‘ప్రోబ్ పనిచేయలేదు’ అనే తప్పుడు ముగింపు రాసి ఉండేవాణ్ణి.

జారిపోయిన త్రిబంధాన్ని వెనక్కి తెచ్చే మార్గం కూడా ఉంది. 1975లో బ్రౌన్, యమషిటా చూపిన ఆల్కైన్ జిప్పర్: 1,3-డైఅమినోప్రొపేన్‌లో దాని పొటాషియం లవణం గొలుసు మధ్యలోని త్రిబంధాన్ని మెట్టు మెట్టుగా కొనదాకా నడిపిస్తుంది. అక్కడ ఎసిటిలైడ్ అయాన్‌గా చిక్కుకుంటుంది కనుక ఇక వెనక్కి రాదు. వేరుశనగ నూనెలో పుష్కలంగా ఉండే ఓలిక్ ఆమ్లాన్ని ఇదే బ్రోమిన్ దారిలో స్టియరోలిక్ ఆమ్లంగా చేసి, జిప్పర్ నడిపితే 17-ఆక్టాడెకైనోయిక్ ఆమ్లం వస్తుంది. ప్రోటీన్లకు పామిటిక్ ఆమ్లం ఎక్కడ అతుకుతుందో వెతకడానికి ప్రపంచమంతా వాడే గుర్తు అదే. గొలుసు మీద దారిలో శాఖ గానీ హైడ్రాక్సిల్ గానీ ఉంటే మాత్రం జిప్పర్ అక్కడ ఆగిపోతుంది.

చర్య పూర్తయిందా అని చూడడానికి ఒక చవకైన పరీక్ష ఉంది. కొద్దిగా నమూనా తీసి ఆమ్లీకరించి, హెక్సేన్‌లోకి లాగి, నీటితో బాగా కడిగి ఆరబెట్టండి. ఎర్రగా కాల్చిన రాగి తీగ కొనను అందులో ముంచి మంటలో పెట్టండి. ఆకుపచ్చ మంట వస్తే బ్రోమిన్ ఇంకా మిగిలే ఉంది. కడగడం మరిస్తే పొటాషియం బ్రోమైడే ఆకుపచ్చ చూపించి మోసం చేస్తుంది.

నాలుగో మెట్టు: బయటికి తీయడం, నిరూపించడం

చల్లారాక 200 మి.లీ. నీటితో పలుచన చేసి, మంచు వేసి, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2కు తెండి. ఆమ్లం నూనెలా తేలుతుంది. పుస్తకాలు డైఇథైల్ ఈథర్‌తో లాగమంటాయి. అది 35 డిగ్రీలకే మరుగుతుంది. మన ఎండాకాలంలో సెపరేటింగ్ ఫన్నెల్ మూతను అదే తన్నేస్తుంది, మంటల ప్రమాదం సరేసరి. మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ వాడండి, 55 దగ్గర మరుగుతుంది. ద్రావణి తీసేశాక పెట్రోలియం ఈథర్ నుంచి ఫ్రిజ్‌లో స్ఫటికీకరించండి. 18 గ్రాముల సైద్ధాంతిక దిగుబడిలో సగం వస్తే మంచి పనే.

ఇప్పుడు నిరూపణ. దీనికి సంశ్లేషణకు పట్టినంత సమయమూ కేటాయించాలని నా అభిప్రాయం. ద్రవీభవన స్థానం 42-43 ఉండాలి. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో పెడితే సీసాలోని స్ఫటికాలు వాటంతట అవే కరిగిపోయే ఉష్ణోగ్రత అది, కాబట్టి కరిగిందని కంగారు పడకండి. కొద్ది నమూనాను మిథనాల్, ఒక చుక్క సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మిథైల్ ఎస్టర్‌గా మార్చుకోండి. ఆమ్లానికే పరారుణం తీస్తే 2500 నుంచి 3300 దాకా పరుచుకున్న ఓహెచ్ పట్టీ మీద ఆల్కైన్ శిఖరం సగం మునిగిపోతుంది. ఎస్టర్‌లో 3300 దగ్గర సన్నగా, నిటారుగా కనిపిస్తుంది, 2115 దగ్గర త్రిబంధం బలహీనంగా ఉంటుంది.

వెండి పరీక్షనూ ఎస్టర్‌తోనే చేయండి. కొన ఆల్కైన్ అమ్మోనియాలోని సిల్వర్ నైట్రేట్‌తో తెల్లటి అవక్షేపం ఇస్తుందని అందరూ చదువుకున్నదే, కానీ కార్బాక్సిలిక్ ఆమ్లం కూడా వెండి లవణంగా అవక్షేపించగలదు. అవక్షేపాన్ని ఎప్పుడూ ఆరనివ్వకండి, ఎండిన సిల్వర్ ఎసిటిలైడ్ పేలుతుంది. చూసిన వెంటనే సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి నాశనం చేయండి.

ఎన్ఎంఆర్‌లో చూడవలసినవి: 1.94 పీపీఎం దగ్గర ఒక ప్రోటాన్, 2.6 హెర్ట్జ్ ట్రిప్లెట్, అది కొన హైడ్రోజన్. 2.18 దగ్గర దాని పక్కనున్న మిథిలీన్. కర్బన వర్ణపటంలో 68, 84 దగ్గర రెండు రేఖలు. 1.77 దగ్గర మూడు ప్రోటాన్ల మిథైల్ కనిపిస్తే త్రిబంధం జారింది. 5.4 నుంచి 6.2 మధ్య ఏదైనా ఉంటే వినైల్ బ్రోమైడ్ మిగిలింది, మళ్లీ క్షారంలో పెట్టాలి.

ఐదో మెట్టు: ఎంజైము ముందు నిలబెట్టడం

కాలేయంలోని సైటోక్రోమ్ పీ450 కుటుంబంలో సీవైపీ4ఎ ఎంజైములు లారిక్ ఆమ్లం లాంటి గొలుసుల చివరి కర్బనానికి ఆక్సిజన్ చేరుస్తాయి. 10-అన్‌డెకైనోయిక్ ఆమ్లం వాటి దగ్గరికి వెళ్లినప్పుడు ఆక్సిజన్ త్రిబంధం కొన మీద పడుతుంది. కొనలోని హైడ్రోజన్ పక్క కర్బనానికి జరిగి కీటీన్ (C=C=O గుంపు ఉన్న అణువు) పుడుతుంది. కీటీన్ మహా ఆకలి గల జాతి. నీరు దొరికితే అన్‌డెకేన్‌డయోయిక్ ఆమ్లంగా మారి బయటపడుతుంది, ఎంజైము దొరికితే దాన్నే ఎసైలీకరించి చంపేస్తుంది. చచ్చే ఒక ఎంజైముకు ఎన్ని అణువులు క్షేమంగా బయటపడ్డాయో ఆ నిష్పత్తే గాలం పదును.

ఈ ఎంజైములు కొనడం ఖరీదు. చిన్న ప్రయోగశాలకు నేను సూచించేది బ్యాసిలస్ నుంచి వచ్చిన పీ450 బీఎమ్3. నీటిలో కరుగుతుంది, ఇ.కోలైలో బాగా తయారవుతుంది, దానికి ఎలక్ట్రాన్లు అందించే రిడక్టేజ్ దాని గొలుసులోనే కలిసి ఉంటుంది. అయితే అది చివరి కర్బనాన్ని కాక దాని పక్కనున్నవాటిని ఆక్సీకరిస్తుంది. కనుక అదే గాలానికి ఇది వేరే విధంగా స్పందించవచ్చు. రెండింటినీ పోల్చడమే ఒక మంచి ప్రాజెక్టు.

ప్రయోగం ఇలా. ఎంజైము, ప్రోబ్, ఎంజైముకు ఎలక్ట్రాన్లు సమకూర్చే ఎన్ఏడీపీహెచ్ కలిపి 0, 5, 10, 20 నిమిషాలు ఉంచండి. ప్రతిసారీ కొద్ది భాగం తీసి, కనీసం 20 రెట్లు పలుచన చేసి, లారిక్ ఆమ్లంతో మిగిలిన చురుకుదనం కొలవండి. ఎన్ఏడీపీహెచ్ తగ్గుదలను 340 నానోమీటర్ల దగ్గర చూడవచ్చు, మోలార్ శోషణ గుణకం 6220. కానీ పీ450లు కొన్నిసార్లు ఏమీ హైడ్రాక్సిలీకరించకుండానే ఎన్ఏడీపీహెచ్‌ను ఖర్చు చేస్తాయి, అందుకని ఒక్కసారైనా ఉత్పన్నాన్ని గ్యాస్ క్రోమటోగ్రాఫీలో నేరుగా చూడండి.

మిగిలిన చురుకుదనం లాగరిథమ్ కాలంతో పాటు సరళరేఖలో తగ్గాలి. అంతటితో చాలదు. ఎన్ఏడీపీహెచ్ లేకుండా అదే ప్రయోగం చేస్తే తగ్గుదల ఉండకూడదు. త్రిబంధం లేని అన్‌డెకనోయిక్ ఆమ్లంతోనూ ఉండకూడదు. లారిక్ ఆమ్లం ముందే ఎక్కువగా కలిపితే ఎంజైముకు రక్షణ దొరకాలి. చురుకైన అణువులను పట్టేసే గ్లూటాథయోన్ కలిపినా రక్షణ దొరకకూడదు, దొరికితే కీటీన్ బయటికి వచ్చి తిరుగుతోందన్న మాట. రాత్రంతా డయాలిసిస్ చేసినా చురుకుదనం తిరిగి రాకూడదు. ఈ ఐదింటిలో ఒక్కటి తప్పినా అది మామూలు నిరోధకమే కావచ్చు, గాలం కాకపోవచ్చు.

మీ అవసరం గుర్తు అయితే 17-ఆక్టాడెకైనోయిక్ ఆమ్లాన్ని కణాలకు తినిపించి, ప్రోటీన్లు తీసి, ఒక మిల్లీమోలార్ కాపర్ సల్ఫేట్, ఒక మిల్లీమోలార్ టీసీఈపీ (రాగిని క్షయకరించేది), 0.1 మిల్లీమోలార్ టీబీటీఏ లైగాండ్ (రాగిని పట్టి ఉంచేది), 50 మైక్రోమోలార్ అజైడ్ రంగుతో గంటసేపు ఉంచి జెల్ మీద నడపండి. రాగి లేని నమూనా, ప్రోబ్ లేని నమూనా తప్పనిసరి. తటస్థ హైడ్రాక్సిలమీన్‌తో గుర్తు ఊడిపోతే అది సిస్టీన్ మీది థయోఎస్టర్. అజైడ్ రంగును కొనుక్కోండి. సోడియం అజైడ్‌తో సొంతంగా చేయబోతే ఒక్క మాట గుర్తుంచుకోండి, రెండో మెట్టులో వాడిన డైక్లోరోమీథేన్ దాని దరిదాపుల్లోకి కూడా రాకూడదు, పేలుడు పదార్థం పుడుతుంది.

ఆరో మెట్టు: అదే ఆముదం నుంచి గంధపు గింజ ఆమ్లం

మొక్కలు త్రిబంధాన్ని బ్రోమిన్‌తో చేయవు. ద్విబంధం మీదే మరో డీశాచురేజ్ పనిచేసి ఇంకో రెండు హైడ్రోజన్లు తీసేస్తుంది. క్రెపిస్ ఆల్పినా అనే మొక్కలో అలాంటి ఎంజైమును 1998లో గుర్తించారు. మన పెరటి బంతి వేళ్లలో నులిపురుగులను చంపే థయోఫీన్‌లు కూడా బహుళ ఆల్కైన్‌ల నుంచే పుడతాయి. శ్రీగంధం గింజలోని జైమెనైనిక్ ఆమ్లంలో తొమ్మిదో కర్బనం దగ్గర త్రిబంధం, పదకొండో కర్బనం దగ్గర ట్రాన్స్ ద్విబంధం పక్కపక్కనే ఉంటాయి.

రిసినోలిక్ ఆమ్లాన్ని దాని పక్కన పెట్టి చూడండి. తొమ్మిది దగ్గర ద్విబంధం ఉంది, దాన్ని త్రిబంధం చేయాలి. పన్నెండు మీద హైడ్రాక్సిల్ ఉంది, దాన్ని నీరుగా పంపేస్తే పదకొండు దగ్గర ద్విబంధం వస్తుంది. అస్థిపంజరం అప్పటికే సిద్ధంగా ఉంది.

ఆముదం ఆల్కహాల్‌లో సులువుగా కలుస్తుంది, ఇతర నూనెలకు లేని సుగుణం అది. ఒక శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఉన్న మిథనాల్‌తో మిథైల్ రిసినోలియేట్ చేయండి. 31.2 గ్రాములకు 16 గ్రాముల బ్రోమిన్, పైన చెప్పిన పద్ధతిలోనే. తర్వాత 1-ప్రొపనాల్‌లో అధిక పొటాషియం హైడ్రాక్సైడ్‌తో మరిగించండి, అల్ట్రాసౌండ్ తొట్టె ఉంటే చాలా తొందరగా అవుతుంది. ఎస్టర్ కూడా విడిపోయి 12-హైడ్రాక్సీఆక్టాడెక్-9-ఐనోయిక్ ఆమ్లం వస్తుంది. దాన్ని మళ్లీ మిథైల్ ఎస్టర్ చేసి, 0 డిగ్రీల దగ్గర ట్రైఇథైలమీన్, మీథేన్‌సల్ఫోనైల్ క్లోరైడ్‌తో మెసిలేట్ చేయండి. చివర్లో డీబీయూ అనే సేంద్రియ క్షారంతో వేడిచేస్తే మెసిలేట్ పోతుంది. పోయే హైడ్రోజన్ పదకొండో కర్బనం నుంచే పోతుంది, ఎందుకంటే అది త్రిబంధం పక్కన ఉండి ఆమ్ల స్వభావం ఎక్కువగా ఉన్నది, పైగా పుట్టే ద్విబంధం త్రిబంధంతో సంయుగ్మమవుతుంది. ట్రాన్స్ ఎక్కువగా, సిస్ కొద్దిగా వస్తాయి. క్షారంతో ఎస్టర్ విడగొట్టి, ఆమ్లాన్ని పెట్రోలియం ఈథర్ నుంచి చల్లగా స్ఫటికీకరిస్తే ట్రాన్స్ మిగులుతుంది.

పల్లేడియం అందుబాటులో ఉన్నవారికి ఆల్కైన్‌ను వినైల్ అయోడైడ్‌కు అతికించే సోనోగషిరా దారి కూడా ఉంది: ట్రాన్స్ 1-అయోడోఆక్టీన్, 9-డెకైనోయిక్ ఆమ్లం. సిస్ సమస్య రాదు, కానీ ఖర్చు ఎక్కువ, ముడిపదార్థం కోసం మళ్లీ వేరే సంశ్లేషణ. నాకు ఆముదం దారే ఇష్టం.

దీని నిరూపణకు అతినీలలోహితం అద్భుతంగా సరిపోతుంది. రిసినోలిక్ ఆమ్లం 220 నానోమీటర్లకు పైన దాదాపు ఏమీ గ్రహించదు, ఈనైన్ (త్రిబంధం, ద్విబంధం పక్కపక్కనే ఉన్న అమరిక) 229 దగ్గర బలంగా గ్రహిస్తుంది. గంటకొకసారి చుక్క తీసి చూస్తే శిఖరం పెరగడం కళ్లముందే కనిపిస్తుంది. పరారుణంలో 950 దగ్గర ట్రాన్స్ పట్టీ, ఎన్ఎంఆర్‌లో 16 హెర్ట్జ్ యుగ్మనం ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. గాలి తగిలితే ఈనైన్ నెమ్మదిగా పసుపెక్కి జిగురవుతుంది. నత్రజని నింపి, చిన్న చిన్న సీసాల్లో పంచి, ఫ్రీజర్‌లో పెట్టండి. తుపాను రోజుల్లో కరెంటు పోయే మన తీరంలో, ఒక సీసాను మంచు నింపిన థర్మాస్‌లో విడిగా ఉంచడం మంచిది. వాడే ప్రతిసారీ ముందు 229 దగ్గర శోషణ కొలిచి, మొదటి రోజు విలువ పక్కన పుస్తకంలో రాసుకోండి.